మందుకు నల్లబెల్లం

ఆ డబ్బా అక్కడే పెట్టు పాపా. మూత తీయకు, వాసన ఇక్కడిదాకా వస్తూనే ఉంది. నల్లబెల్లం, మందులు వేయనిదట, మామూలు బెల్లం కంటే రెండింతల ధరట, నచ్చకపోతే అంగడివాడు వెనక్కి తీసుకుంటాడట, కొనొచ్చా అవ్వా అని అడిగావు. కొను అనో వద్దు అనో ఒక్క మాటతో ఊరుకోవచ్చు. కానీ బెల్లం సంగతి నా దగ్గర ఒక్క మాటతో తెమలదు. అవ్వ చెప్పేవన్నీ రాస్తానని ఎలాగూ కూర్చున్నావు కాబట్టి ఇది రాయి. మధ్యలో ఫోను చూడకు.

మా నాయనకు పూతలపట్టుకు కొంచెం ఎడంగా చెరకు తోట ఉండేది. తోటలో ఒక మూల గానుగ. నా చిన్నతనంలో ఎద్దులు తిప్పేవి, నాకు పెళ్ళయ్యే నాటికి ఆయిల్ ఇంజను వచ్చింది. చెరకు ఆడి, రసాన్ని పెద్ద పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పితోనే మంట పెట్టి బెల్లం వండేవాళ్ళు. ఇదంతా ఆ చుట్టుపక్కల తోటలన్నిటిలో ఉన్నదే. మా నాయన దగ్గర మాత్రం దానికి తోడు ఒక బెండసాలు ఉండేది. కాలువ గట్టు వెంబడి బెండ వేసేవాడు, కాయల కోసం కాదు, కాడల కోసం. ఆ కాడలు దంచి నీళ్ళలో పిసికితే జిగురు వస్తుంది. రసం కాగేటప్పుడు ఆ జిగురు పోస్తే లోపలున్న మురికంతా నురగై పైకి తేలుతుంది. దాన్ని జల్లిగరిటెతో తీసేస్తూ ఉండాలి. తీసే మనిషి పెనం దగ్గర నుంచి కదలకూడదు. మా నాయన కదిలేవాడు కాదు. నా పెళ్ళి మాటలకు అత్తగారి వాళ్ళు వచ్చిన రోజు కూడా జల్లిగరిటె చేతిలో పట్టుకునే మాట్లాడాడని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ దెప్పింది.

అలా వండిన బెల్లం నల్లగా ఉండేది. నల్లగా అంటే బొగ్గులా కాదు, పాత చింతపండులా, ఎరుపు కలిసిన నలుపు. నోట్లో వేసుకుంటే ముందు తీపి, చివర్లో సన్నటి ఉప్పదనం. నాయన అన్నం తినగానే ఒక ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. అది లేకపోతే భోజనం చేసినట్టే కాదు ఆయనకు. ఎక్కడికి పోయినా పంచె మడతలో ఒక గడ్డ ఉండాల్సిందే. ఆయన పంచెలన్నిటికీ నడుము దగ్గర చీమలు పట్టేవి. ఉతికేటప్పుడు మా అమ్మ తిట్టే తిట్లు తోట అవతలికి వినబడేవి.

నేను కాపురానికి తిరుపతి వచ్చిన కొత్తల్లో ఆ తెల్లపొడి వచ్చింది. హైడ్రాస్ అంటారు. గానుగల దగ్గర ఎవరూ ఆ పేరు పలకరు, మందు అంటారు. మందేసినావా అంటే మందేసినావా అని పలకరించుకునేవాళ్ళు. పాకం దించబోయే ముందు కాస్త చల్లితే చాలు, చూస్తూ ఉండగానే నల్లటి పాకం పసుపుపచ్చగా తిరిగిపోయేది. చల్లిన క్షణాన అగ్గిపుల్ల గీసినట్టు వాసన గుప్పున ముక్కుకు కొట్టేది. చిత్తూరు మండీలో వ్యాపారి బెల్లం నోట్లో వేసుకుని చూడడు. దిమ్మను వాకిట్లోకి తెచ్చి వెలుగులో తిప్పి రంగు చూస్తాడు. పచ్చగా ఉంటే ముందు వరుస, మంచి ధర. నల్లగా ఉంటే వెనక గోడవార కుప్ప. ఆ కుప్ప దగ్గరికి వచ్చేది నాటుసారా కాచేవాళ్ళు, లేకపోతే పశువులకు పెట్టేవాళ్ళు. పులిసిన చెరకుతో, మురికి తీయకుండా వండిన బెల్లం కూడా నల్లగానే ఉంటుంది కదా. అదీ మా నాయన బెల్లమూ ఒకే కుప్పలో కలిసి పడుండేవి.

చుట్టూ ఉన్న గానుగలన్నీ మందుకు మళ్ళాయి. వాళ్ళను తప్పు పట్టలేను, పిల్లలున్నవాళ్ళు. అయితే వాళ్ళంతా ఏడాదికి ఒక పెనం మందు వేయకుండా విడిగా వండుకునేవాళ్ళు, ఇంట్లోకని. అమ్మేది పచ్చది, తినేది నల్లది. ఇది దాపరికం కూడా కాదు, అందరికీ తెలిసిన సంగతే. మా నాయనకు అది మాత్రం మింగుడు పడలేదు. నేను తినని దాన్ని ఊరికి ఎట్లా తినిపించేది అనేవాడు. అలా అంటూ అంటూ ధర లేక, మండీలో కుప్ప పక్కన నిలబడి నిలబడి, ఒక ఏడాది తిరుపతి వచ్చినప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుని నన్ను అడిగాడు.

“అమ్మణ్ణీ, మీ ఈదిలో అంతా సదువుకున్నోళ్ళు గదా. తినేదానికని కొనేటి ఇండ్లు కొన్ని సూడు. ఆ మాత్రం ఆదరువు ఉంటే సాలు. నేను ఆ మండీ మొగం సూడను, ఆ మందు ముట్టను.”

ఆయన నన్ను అడిగింది జీవితంలో అదొక్కటే. మా వీధి వాళ్ళు కొంటే నాయన తన పద్ధతిలోనే వండుకుంటాడు. కొనకపోతే ఆ పొడి డబ్బా తెరుస్తాడు. అంతే ఉంది అందులో.

నేను కొంగు బిగించి బయలుదేరాను. ఇల్లిల్లూ తిరిగాను, ముక్కలు చేతిలో పెట్టి రుచి చూపించాను. పక్కింటి టీచరుగారి భార్య చప్పరించి, చాలా బాగుంది, మా అమ్మమ్మ ఇంట్లో ఇలాంటిదే ఉండేది అని కళ్ళు మూసుకుంది. నాకు ఆశ పుట్టింది. కళ్ళు తెరిచి, కానీ పాయసం బురదరంగులో వస్తే మా ఆయన ముట్టడమ్మా అంది. ఎదురింటి ఆవిడ, మీ నాయన కాబట్టి నువ్వు మంచిదే అంటావు, ఎవరు చూడొచ్చారు అంది. మూలింటి వాళ్ళు ఏకంగా నాలుగు దిమ్మలు దింపించుకున్నారు. సంతోషపడి వివరం అడిగితే, ఆవు ఈనిందమ్మా, దానికి పెట్టాలి అన్నారు. ఇంకో ఇంటి ముసలావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మరీ చెప్పింది.

“మంచిది కాదని ఎవురన్నారు బిడ్డా? మంచిదే. ఆ పచ్చదాంట్లో మందుండాదని నాకూ తెలుసు. అయితే ఇంటికొచ్చినోళ్ళకు పెట్టేదెట్ల?”

ఆ మాట రాశావా? అడుగున గీత గీయి. వీధి మొత్తం తీర్పు అదే. ఎవరూ నాయన మాట అబద్ధమనలేదు. అందరూ నమ్మారు. నమ్మి కొనలేదు. నమ్మకపోయి ఉంటే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. రెండు మూడు ఇళ్ళ వాళ్ళు మొహమాటానికి కొన్నాళ్ళు తీసుకున్నారు. ఆ తర్వాత నన్ను చూస్తే తలుపు దగ్గరగా వేసేవాళ్ళు.

అయినా నాయన ఇంకో ఏడాది చూద్దామన్నాడు. ఆ ఏడాదే మా ఆడబిడ్డకు పెళ్ళిచూపులు కుదిరాయి. ఆడబిడ్డంటే మీ తాత చెల్లెలు. పెళ్ళికొడుకు వాళ్ళు కలిగినవాళ్ళు. ఓళిగలు చేయాలి, మీరు బొబ్బట్లంటారే అవి. అంగడి నుంచి పచ్చబెల్లం తెప్పించమని నేనే చెప్పాను మా అత్తతో. నాకు తెలుసు కదా, వీధంతా తిరిగి నేర్చుకున్నాను. మా అత్త ఒప్పుకోలేదు. మీ నాయన తెచ్చిపెట్టింది అటక మీద ఊరికే పడుంది, ఇంట్లో ఉండగా అంగట్లో కొనడం దేనికి అంది. సరేనని ఆ బెల్లంతోనే చేశాను. వియ్యంకుడు కదా అని నాయననూ పిలిపించారు. ఆయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, మగవాళ్ళ వరుసలో ఒక చివర కూర్చున్నాడు.

పళ్ళేలు తెచ్చి అందరి ముందూ పెట్టాను. పెళ్ళికొడుకు మేనత్త ఓళిగ అంచు రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. పూర్ణం నల్లగా కనిపించింది.

“ఏమ్మా, లోపల మాడిపోయినట్టుండాదే,” అంది.

మా అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

“మాడలేదొదినా. మా అన్న సారాబట్టీకి పోతా పోతా ఈడొక మూట దించేసినాడు. పారేసేదెందుకని పూర్ణం జేసినాము.”

అందరూ నవ్వారు. హాస్యానికి అన్నదే, నవ్వకపోతే బాగుండదు. ఆ మా అన్న అనేది మా నాయనను. వియ్యంకుణ్ణి అలాగే పిలుస్తారు మావైపు. నేను గుమ్మంలో నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మీ తాత తాంబూలాల పళ్ళెంలో ఆకులు సర్దుతున్నాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు. నేను నాయన వంక చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు. పళ్ళు కనిపించేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడకుండా ఉండాల్సింది నేను.

పళ్ళేలు ఎత్తేటప్పుడు ఓళిగలు సగం సగం మిగిలే ఉన్నాయి. నాయన పళ్ళెం ఒక్కటే ఖాళీ. బస్సుకు టైమయిందని ఆయన భోజనానికి కూడా ఆగలేదు. వీధి చివరిదాకా వెంట పోయాను. ఆవిడ నోరే అంత నాయనా, మనసులో పెట్టుకోవద్దు అన్నాను.

“ఆయమ్మ అన్నదాంట్లో అబద్దమేముండాది? నా బెల్లం పొయ్యేది ఆడికే గదా,” అన్నాడు.

అన్నాక కండువా దులిపి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

మరుసటి ఏడాది చెరకు ఆడే కాలంలో నేను పుట్టింటికి పోయాను. గానుగ ఇంకా కనబడకముందే ఆ అగ్గిపుల్ల వాసన తగిలింది. గాలి ఎటునుంచి వీస్తోందో, పక్క తోటదేమో అనుకుంటూ నడిచాను. మన పెనం దగ్గర నుంచే వస్తోంది. నాయన పొడి చల్లుతున్నాడు. ముక్కుకు కండువా అడ్డం కట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని చల్లుతున్నాడు. నన్ను చూసి చేత్తో దూరం పొమ్మన్నాడు. పాకం నా కళ్ళ ముందే పచ్చబడింది. అందంగా ఉందనే చెప్పాలి, చేమంతిపువ్వు రంగు. కాలువ గట్టు మీద బెండసాలు లేదు. ఇక అవసరం లేదని విత్తనమే వేయలేదట. మురికి తీసే పని కూడా లేదు. మురికి ఉన్నా రంగులో కనబడదు.

ఆ ఏడు మండీలో నాయన దిమ్మలు ముందు వరుసలో కూర్చున్నాయి. ఒక దిమ్మను కొత్త గోనెగుడ్డలో చుట్టి మా అత్తకు తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, అచ్చం మండీ వ్యాపారిలాగే వెలుగులో తిప్పి చూసింది.

“ఇదన్నా బెల్లమంటే. బంగారం మాదిర ఉండాది సూడు. ఇన్నాళ్ళూ ఈ పనితనం యాడ దాసిపెట్టినావు?”

వీధంతా పంచిపెట్టింది. మా వియ్యంకుడి తోటదని గర్వంగా చెప్పుకుంది. నన్ను చూసి తలుపులు దగ్గరగా వేసినవాళ్ళే వచ్చి, మీ నాయన ఈసారి వచ్చేటప్పుడు మాకూ తెమ్మని చెప్పమ్మా అన్నారు. టీచరుగారి భార్య పాయసం గిన్నె పట్టుకొచ్చి ఇచ్చింది.

ఆ పూట నాయనకు నేనే వడ్డించాను. పెరుగన్నం అయిపోయింది. చెయ్యి కడుక్కున్నాడు. అలవాటుగా వేళ్ళు నడుము దగ్గర పంచె మడతలోకి పోయాయి. ఏమీ లేదక్కడ. చెయ్యి వెనక్కి తీసుకుని, చెంబెత్తి నీళ్ళు తాగాడు. అందరిలాగా ఇంటికి ఒక పెనం విడిగా వండుకోకపోయావా నాయనా అని అడిగాను.

“ఊరికొకటి, నాకొకటి వండేది నా సేతగాదు మా,” అన్నాడు.

అంటే తినడమే మానేశాడు. పెనాలకు పెనాలు వండి చిత్తూరుకు పంపుతూ, ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. ఆయన పంచెలకు చీమలు పట్టడం మానేశాయి. తిట్టడానికి ఏమీ లేక మా అమ్మ ఊరికే ఉతికి ఆరేసేది.

ఇక్కడితో ఆగితే నువ్వు మా అత్తకు తెలియక అన్నదనుకుంటావు. పాతకాలపు మనిషి, నలుపంటే మురికి, పసుపంటే శుభ్రం అనుకుందని. నేనూ అలాగే అనుకుని ఆమెను క్షమించాను, నిజంగానే క్షమించాను. ఆ తర్వాత మా ఆడబిడ్డ పురిటికి పుట్టింటికి వచ్చింది. కాన్పు అయింది, మగపిల్లవాడు. బాలింతకు కాయం చేయాలి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము దంచి బెల్లం పాకంలో నేతితో కలిపి ఉండలు చేస్తారు, అదే బాలింత మందు. నేను దినుసులన్నీ దంచి, అటక మీది నుంచి నాయన తెచ్చిన పచ్చదిమ్మ దించాను. మా అత్త పరుగున వచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

“ఏమ్మే, నీకేమన్నా మతుండాదా? బాలింతకు ఇది పెడతారా? పాలల్లో దిగితే బిడ్డేంగావల్ల? మందుకు నల్లబెల్లమే కావల్ల. మీ నాయనకు సెప్పి తెప్పీ.”

మీకు తెలుసా అత్తా అన్నాను. ఏది అంది. ఇది మంచిది కాదని మీకు ముందు నుంచీ తెలుసా అన్నాను.

“తెలీకేమి? అందురికీ తెలిసిందే గదా,” అంది. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు నా మొహంలోకి చూసింది.

వచ్చినవాళ్ళకు పచ్చది, కన్నకూతురికి నల్లది. గానుగల వాళ్ళు అమ్మేదొకటి తినేదొకటి వండుకున్నారే, అదే లెక్క ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంది. తెలియని వాళ్ళు ఎవరూ లేరు పాపా. ఏది మంచిదో తెలియక మా నాయన బెల్లం ఆ గోడవారకు పోలేదు. తెలిసే పోయింది.

చెప్పమన్నది కాబట్టి పూతలపట్టుకు పోయి చెప్పాను. నాయన పెనం కడుగుతున్నాడు. విని నవ్వాడు. పెళ్ళిచూపుల రోజు నవ్విన నవ్వు కాదు, ముక్కుతో నవ్వాడు.

“మందెయ్యనిది, మందుకు కావల్లనా? బాగుండాది.”

ఒక్క పెనం వండి ఇవ్వు నాయనా, చంటిబిడ్డ కోసం అన్నాను. ఆయన పెనం కడగడం ఆపాడు. ఆ తర్వాత కాలువ గట్టు వైపు చూపించాడు.

“బెండ యాడుండాది మా? అది లేకుండా వండితే మురికి తేలదు. మురికిబెల్లం బాలింతకు నేనెట్ల ఇచ్చేది?”

ఆ బెండ మొలిచి కాడ ముదిరేదాకా బాలింత మందు ఆగుతుందా. నేను ఉత్తచేతులతో తిరిగొచ్చాను.

మా అత్త ఊరుకునే మనిషి కాదు. మీ తాతను చిత్తూరు మండీకి పంపింది. వెనక గోడవార నల్లకుప్పలోంచి తెచ్చాడు, సారాబట్టీల వాళ్ళతో పాటు వరుసలో నిలబడి. తెలిసినవాళ్ళు చూస్తారని సంచి మీద తువ్వాలు కప్పుకుని మరీ వచ్చాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. విరిచి చూస్తే లోపల ఇసుక, పిప్పి. మా నాయనది పోయాక ఆ కుప్పలో మిగిలింది అసలైన సారాబెల్లమే. మా అత్త దాన్నే వడగట్టి కాయం చేసింది. నలుపు కదా, మంచిదేనని ఆమె నమ్మకం. రంగు చూసి వద్దంది, రంగు చూసే కావాలంది.

బిడ్డను చూడడానికి నాయన వచ్చాడు. చూడవచ్చినవాళ్ళకు చిన్న కాయం ఉండ చేతిలో పెట్టడం మావైపు అలవాటు. మా అత్త ప్రేమగానే పెట్టింది. తీసుకో అన్నా, నీకు ఇష్టమైన నల్లబెల్లమే అంది. అన్నేళ్ళ తర్వాత ఆయన నోట్లోకి బెల్లం పోవడం అదే మొదలు. నేను ఆయన దవడ వంకే చూస్తున్నాను. నాలుక మీద పెట్టుకోగానే దవడ ఆగింది. మళ్ళీ కదిలింది. మింగేశాడు.

“బాగుండాది మా,” అన్నాడు మా అత్తతో.

పెరట్లోకి వచ్చి కొళాయి కింద నోరు పుక్కిలించాడు. నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. పులిసిన చెరకుది, ఆ బాలింతకు ఎక్కువ పెట్టొద్దని మెల్లిగా చెప్పు, నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు అన్నాడు. నేను మా అత్తకు చెప్పాను. మీ నాయన దగ్గర లేదు కాబట్టి తెచ్చిందానికి వంక పెడుతున్నావని ఆమె కసురుకుంది. ఆ కాయం అయిపోయేదాకా పెట్టింది.

ఇప్పుడు ఆ డబ్బా ఇలా ఇవ్వు, చూస్తాను. నల్లగానే ఉంది. పైన తలపాగా కట్టుకున్న రైతు బొమ్మ ఉంది, నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు. ఎవరి గానుగదో రాశారా? వండినవాడు తన ఇంట్లో ఇదే తింటాడో, వేరేది తింటాడో రాశారా? లేదు కదా. నలుపు ఒక్కటి చూసి నేనేం చెప్పను. కొనాలనిపిస్తే కొనుక్కో పాపా, మీకు కావలసినవాళ్ళకు కొనుక్కో. ఒక్కటి మాత్రం చెయ్యి, ఇంటికి వచ్చినవాళ్ళకు కూడా అందులోంచే పెట్టు. అది చేతకాకపోతే ఇది తీసుకుపోయి అంగట్లో ఇచ్చేసి రా.

నాకు ముక్క తీయకు. చెంబుతో నీళ్ళు ఇవ్వు, అన్నం తిన్నాక నేనూ నీళ్ళే తాగుతాను.